రంగుచిప్పల వరస

పులుసులోకి నాలుగు టమాటా పండ్లు కోసుకురమ్మని కోటేశ్వరమ్మ మనవణ్ణి పెరట్లోకి పంపితే, వాడు చొక్కా ఒడి నిండా పచ్చికాయలు తెచ్చి వంటింటి గడప మీద పోశాడు. ఆవిడ నవ్వి, "నీ పరాకు పాడుగాను, ఇవి పండ్లంట్రా? మీ తాతా ఇంతే, పాలు తెమ్మంటే మజ్జిగ తెచ్చేవాడు" అని వాడి నెత్తిన చిన్నగా మొట్టి, తనే వెళ్ళి కోసుకొచ్చింది. ఆవిడకు అంతటితో అయిపోయింది. పొయ్యి ముందు కూర్చున్న కోడలు కుసుమకు మాత్రం అక్కడే మొదలైంది.

కుసుమది మొదటినుంచీ బెదురు గుండె. ఎనిమిదో తరగతి సగంలో బడి మానిపించి, ఆ పై నాలుగేళ్ళకు పెళ్ళి చేశారు. అంజి పుట్టాక ఆ బెదురంతా వాడి చుట్టూ చేరింది. వాడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది. దగ్గితే క్షయేమో అనుకునేది. అసలు పేరు సీతారామాంజనేయులు, అంత పేరు మొయ్యలేడని అందరూ అంజి అంటారు. ఐదేళ్ళు నిండాయి. రేపల్లెలో వాళ్ళిల్లు స్టేషనుకు దగ్గర. కూత వినబడితే చాలు, అన్నం ముందు నుంచి లేచి గోడెక్కేవాడు. పెద్దయ్యాక రైలు నడుపుతానని ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవాడు.

టమాటాల సంగతి జరిగిన వారంలోనే బడి నుంచి ఒక బొమ్మ తెచ్చాడు. కొబ్బరిచెట్టు. ఆకులన్నీ ఇటుకరంగులో దిద్దాడు. పంతులమ్మ దానికింద పెద్ద ఇంటూ మార్కు పెట్టింది. వాడికి ఎందుకో అర్థం కాక, చెట్టు వంకరగా వచ్చిందేమోనని దాని మొదలు చెరిపి మళ్ళీ గీస్తున్నాడు.  అత్తగారు గుడికి వెళ్ళిన వేళ చూసి, కుసుమ పెట్టెలోంచి రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న రెండు గాజులు తీసింది. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. వీటిలో ఎర్రగాజు ఏదో చెప్పమంది. వాడు రెండూ పట్టుకుని తిప్పి చూశాడు, ఒకదానితో ఒకటి టింగుమని కొట్టాడు, వెలుతురుకు ఎత్తిపట్టాడు. చివరికి, "ఇది కొంచెం తడిసినట్టుందమ్మా. ఇది ఆరినట్టుంది" అన్నాడు.

ఆ మాట విన్నాక కుసుమకు కంటిమీద కునుకు పట్టలేదు. పెనుమూడిలో అత్తవారి పొలం పక్క రైతు ఒకాయనకు చూపు పోయింది. ముందు రంగులు తెలియకుండా పోయాయని, తర్వాత మనుషులు, చివరికి వెలుతురే పోయిందని ఆయన భార్య చెబుతుండగా కుసుమ చెవులారా విన్నది. వీడికీ అదే మొదలైందేమో. భర్త పూర్ణచంద్రరావుకు చెబుదామంటే, ఎరువుల కొట్టు నుంచి వచ్చేసరికి ఆయన సగం నిద్రలో ఉంటాడు. పైగా ఆయనకు చెప్పిన మాట తెల్లారేసరికి అత్తగారికి తెలుస్తుంది. కోటేశ్వరమ్మ చెడ్డ మనిషి కాదుగానీ, పిల్లాడిలోని ప్రతిదాన్నీ రెండు వాటాలు వేసేది. ఉంగరాల జుట్టు మా వైపు, జలుబు మీ వైపు. చురుకు మా వైపు, మొండితనం మీ వైపు. ఇప్పుడు కళ్ళు కూడా తన వాటాకు వస్తాయని కుసుమ భయం. అంతకంటే పెద్ద భయం, తన కళ్ళముందే పిల్లాడు గుడ్డివాడవుతుంటే వాటాలు వింటూ కూర్చోవాల్సి రావటం.

అంతలో తెనాలి నుంచి కబురొచ్చింది. అమ్మ భ్రమరాంబకు చలిజ్వరం, మంచం దిగటం లేదని. అది వినగానే కుసుమకు దిగులూ, దాని వెనకే సిగ్గుపడేంత ఊరటా కలిగాయి. అమ్మకు సాయానికని చెప్పి అంజితో పొద్దుటి ప్యాసింజరు ఎక్కింది. తెనాలిలో నాన్నను వెంటబెట్టుకుని అంజిని కళ్ళ డాక్టరుకు చూపించాలని, ఏ సంగతైనా అక్కడే తేల్చుకోవాలని దారి పొడుగునా అనుకుంటూనే ఉంది.

ఆమె తండ్రి సూర్యనారాయణ నాటకాల తెరలు వేస్తాడు. బోసు రోడ్డు వెనక సందులో ఇల్లు, ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు. ఒకప్పుడు ఆ షెడ్డులో కోటలు, రాజవీధులు, తోటలు వరసగా వేలాడేవి. టీవీలు వచ్చాక బేరాలు తగ్గాయి. అయినా వెన్నెల రాత్రి తెర కావాలంటే చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు కూడా ఆయన దగ్గరికే వచ్చేవారు. నీలం మీద పసుపుతో ఆయన తీసే వెన్నెల ఇంకొకరికి రాదని పేరు. కుసుమ వెళ్ళేసరికి బాపట్ల నాటక సమాజం వాళ్ళకు అడవి తెర వేస్తున్నాడు. అరణ్యవాసం సీనుకు కావాలట, నాటకం వచ్చే శనివారమేనట. డాక్టరు మాట ఎత్తితే, తెర అయిపోగానే తీసుకెళ్దాంలే తల్లీ, అమ్మ పడుకోబట్టి పని వెనకబడింది అన్నాడు.

అమ్మ పడుకుంటే తెర ఎందుకు వెనకబడాలో కుసుమ ఆలోచించలేదు. ఆ ఇంట్లో అది ఎప్పుడూ అంతే. రంగుపొడులు తుమ్మబంకతో కలిపి, కొబ్బరిచిప్పల్లో పోసి, ఆయన చేతి పక్కన వరసగా పేర్చేది అమ్మే. ఆ వరస ఎవరూ కదపకూడదు. చిన్నప్పుడు ఆడుకుంటూ ఒక చిప్ప జరిపినందుకు అమ్మ వీపు పగలగొట్టింది. పూజసామాను లాగే రంగులకూ మడి ఉంటుందని కుసుమ నమ్మేసింది. పెళ్ళయ్యాక ఈ సంగతి చెబితే, మీ వైపు రంగులకు కూడా ఆచారాలా అని అత్తగారు నవ్వింది కూడా.

మర్నాడు పొద్దున్నే లేచి, అమ్మ చేసే పని తానే చేసింది. ఎండిపోయిన చిప్పలు కడిగింది. ఆరోజు చెట్ల పని, రెండే రంగులు కావాలి. ఆకులకు పచ్చ, మానుకు ఎర్రటి కావి. చిన్నతనంలో నాన్న పని చేస్తుంటే ఎదురుగా కూర్చుని గంటలు గంటలు చూసిన వరస ఆమెకు బాగా గుర్తు. పచ్చ ఎడమవైపు, కావి కుడివైపు. అట్లాగే పెట్టి, రంగు మడి కాపాడానన్న తృప్తితో అమ్మకు జావ కాయటానికి లోపలికి వెళ్ళింది. ఎదురుగా కూర్చున్న పిల్లకు ఎడమ అయినది నాన్నకు కుడి అవుతుందని ఆమెకు తట్టనే లేదు.

అమ్మకు జావ తాగించి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, ఉతుకు ముగించి షెడ్డులోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వెదురుబొంగుకు వేలాడుతున్న తెర మీద పెద్ద చెట్టు ఒకటి లేచి నిలబడి ఉంది. పచ్చటి మాను. దాని మీద పైదాకా ఎర్రటి ఆకులు. తాటిమట్ట చివర నలగ్గొట్టి చేసుకున్న కుంచెతో సూర్యనారాయణ ఇంకా వేస్తూనే ఉన్నాడు. కింద ముక్కాలిపీట మీద అంజి.

"తాతయ్య ఆకులెట్లా వేస్తన్నాడో చూడమ్మా, మూడు దెబ్బలకి ఒక ఆకు" అన్నాడు వాడు సంబరంగా. "కొట్లో కొనే కుంచెతో వేస్తే ఆకు బాగానే ఉంటదంట గానీ వెనక కూర్చున్నోళ్ళకి ఆనదంట. ఈ కుంచె మొద్దుగా ఉంటది గాబట్టి ఆకు కూడా మొద్దుగా, అందరికీ కనబడేట్టు వస్తదంట."

ఇద్దరూ ఆ చెట్టు వంక ఒకే తీరుగా, తల కొంచెం పక్కకు వంచి చూస్తున్నారు. ఇద్దరి ముఖాల్లోనూ ఒకటే తృప్తి. కుసుమ గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏంటమ్మా, అట్లా నిలబడ్డావు?" అన్నాడు సూర్యనారాయణ.

 ఆయన ఆమె ముఖం చూశాడు. తర్వాత కింద చిప్పల వంక చూశాడు. కుంచె నీళ్ళలో పెట్టి, అంజిని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెమ్మన్నాడు. వాడు వెళ్ళాక గొంతు తగ్గించి అడిగాడు.

"ఎర్రగా వేశానా?"

కుసుమ తలూపింది.

"మొత్తమా?"

"మొత్తం నాన్నా. మాను పచ్చగా ఉంది."

ఆయన పీట మీద కూలబడ్డాడు. కోప్పడతాడనుకుంది. ఆయన భుజాలు కదలటం చూసి ఏడుస్తున్నాడనుకుంది. తీరా చూస్తే నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. అప్పుడు నిదానంగా, మొగుడూ పెళ్ళాలకు తప్ప మూడో మనిషికి తెలియని సంగతి చెప్పాడు. ఎరుపూ పచ్చా తనకు చిన్నప్పటి నుంచీ ఒకటేనట. తెరలు నేర్చుకునే రోజుల్లో తోట తెర మీద బురదరంగు ఆకులు వేసి, గురువు చేత దెబ్బలు తిన్నాడట. అప్పటి నుంచి తన కంటికి తప్పులేకుండా ఆనే నీలాన్నీ పసుపునూ పట్టుకున్నాడు. మిగతా వాటిల్లో రంగు చూడటం మాని వెలుగెంత, చీకటెంత అని చూడటం అలవాటు చేసుకున్నాడు. వెన్నెల తెరలకు పేరు రావటం వెనక ఉన్నది అదే. పెళ్ళయిన కొత్తలో భ్రమరాంబ కనిపెట్టింది. ఒక్కమాట అనలేదు. మర్నాటి నుంచి చిప్పలు వరసగా పెట్టసాగింది.

"అంజికీ అంతే నాన్నా" అంది కుసుమ. అంతవరకూ ఎవరికీ చెప్పని మాట అంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందని ఆమె అనుకోలేదు.

"తెలుసు. నిన్న వాడు నా పొడులు చూసి తడిదేది, ఆరిందేది అని అడుగుతుంటేనే తెలిసింది. నేనూ అట్లానే అనేవాణ్ణి."

"చూపు పోద్దా నాన్నా?"

"నాకు అరవై దాటాయి తల్లీ. సూదిలో దారం మీ అమ్మకంటే ముందు నేనే ఎక్కిస్తా ఇప్పటికీ. పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లానే ఉంది. పెరగలా, తరగలా."

కుసుమ నేలమీద చతికిలబడి, రంగు మరకల మధ్యనే కొంగు మొహానికి కప్పుకుని ఏడ్చింది. వారాల తరబడి దాచుకున్నదంతా కారిపోయేదాకా ఆయన ఆపమనలేదు. దుప్పటి కప్పుకుని గోడ పట్టుకుంటూ అమ్మ కూడా గడపలోకి వచ్చింది. తెర చూసింది, చిప్పలు చూసింది, ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

"నీ పెళ్ళిచూపుల రోజున చెబుదామనుకున్నానే" అంది భ్రమరాంబ. "మీ మావగారు తెరలు చూస్తానని షెడ్డులోకొచ్చారు. సంబంధం చెడుద్దేమోనని నోరు నొక్కుకున్నా. నీకు చెబితే నువ్వు ఎక్కడో నోరు జారతావని నీకూ చెప్పలా."

సూర్యనారాయణ చాలాసేపు తన వేళ్ళ మీది రంగు గీక్కుంటూ కూర్చున్నాడు. "నాకు కూడూ గుడ్డా తక్కువ కాలా. పేరొచ్చింది" అన్నాడు. "ఒక్కటే లోటు. ఇదేం రంగండీ అని ఇన్నేళ్ళలో ఒక మనిషిని అడగలేకపోయా. అడిగితే, రంగు తెలియనోడు తెరలేస్తన్నాడంటారు. మీ అమ్మ పుట్టింటికెళితే నాకు భయం. ఇప్పుడు జ్వరమొస్తే భయం. వీడికి చిప్పలు పేర్చే మనిషి ఎవరొస్తారో, వస్తారో రారో. వీడు మాత్రం అడగాలి తల్లీ."

ఆ మాట కుసుమ మనసులో నాటుకుపోయింది. తన వాళ్ళు తనకోసమే దాచారు. తానూ కొడుకు కోసమే దాస్తోంది. ఇట్లాగే పోతే అంజి కూడా ఎవరి చేతి వరస మీదో బతుకుతూ, తన ఇంట్లో తానే దొంగలాగా జంకుతూ పెరుగుతాడు. అత్తగారికి చెప్పాలి. ఎట్లా చెప్పాలో తెలియదు.

ముందు తెర సంగతి చూడాలి. కావి మీద పచ్చ పూస్తే బురదవుతుంది. కడుగుదామంటే కింది సుద్దపూత లేచిపోతుంది. కొత్తగుడ్డకు వ్యవధి లేదు. సూర్యనారాయణ మొదటిసారి కూతుర్ని ఎదురుగా కాకుండా తన పక్కన నిలబెట్టుకుని, ఏం చేద్దామని అడిగాడు. కుసుమకు తెలిసిందల్లా ఇంటిపని, ఇల్లు దాటితే సాయంత్రాలు పెనుమూడి రేవులో చూసిన ఏటిగట్టు చెట్లు. పొద్దు వాలే వేళ ఆ చెట్లు కూడా ఇట్లాగే ఎర్రబారేవి. వెనక ఆకాశం అప్పటికే నీలమయ్యేది. ఆ సంగతే చెప్పింది. అయితే పొద్దు వాల్చేద్దాం అన్నాడాయన.

ఆకాశానికి నీలం ఆయనే కలిపాడు, దాంట్లో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కుసుమ ఆకుల ఎడమ అంచులకు సన్నగా పసుపు తీసింది. పచ్చమాను మీద నల్లటి నీలంతో నీడ వేశారు. రంగు ఏదో ఆమె చెప్పేది. ఏది ఎక్కడ ఆనటం లేదో ఆయనా అంజీ చెప్పేవాళ్ళు. ఒకచోట, "అమ్మా, ఇక్కడ కొండ చెట్టులోకి దూరిపోయింది" అన్నాడు అంజి. కుసుమ కళ్ళకు కొండ పచ్చగా, చెట్టు ఎర్రగా వేటికవి విడిగానే ఉన్నాయి. షెడ్డు చివరిదాకా నడిచి కళ్ళు చికిలించి చూస్తే వాడు చెప్పింది నిజమే. రెండూ ఒకే ముద్ద. కొండను సుద్ద కలిపి తెల్లబరిచారు. అప్పుడు చెట్టు తెర మీంచి ముందుకు వచ్చినట్టయింది.

తెర తీసుకెళ్ళటానికి వచ్చిన సమాజం కార్యదర్శి ప్రకాశం దాన్ని చూసి తలగోక్కున్నాడు. "అడవి అడిగామండి. ఇది తగలబడతన్నట్టుందండి."

"పొద్దు గూకుతోందండి" అన్నాడు సూర్యనారాయణ. "లైట్లు వేసి చూసి, నచ్చకపోతే అప్పుడు తిట్టండి."

డాక్టరు దగ్గరికి మర్నాడు వెళ్ళారు. ఆయన రంగుచుక్కల్లో అంకెలు దాచిన పుస్తకం ఒకటి చూపించి, సూర్యనారాయణ చెప్పిన మాటే చెప్పాడు. పెరిగేది కాదు, మందు లేదు, చదువుకు అడ్డం రాదు. రైలు నడిపే ఉద్యోగం మాత్రం ఇవ్వరని చెప్పాడు. ఆ ఒక్కమాట దగ్గర కుసుమ పిల్లాడి చెవులు మూసెయ్యాలనుకుంది. వాడు బల్ల మీది గాజు కన్ను బొమ్మ తిప్పుతూ వినిపించుకోలేదు. అది ఎప్పుడో ఒకనాడు తానే చెప్పాల్సిన మాట. ఇవాళ కాదు. ఇంటికొస్తూ దారిలో వాడికి ఒక్కటే నేర్పింది. నీ కళ్ళకు కొన్ని రంగులు ఒకేలా కనబడతాయి నాన్నా, అది తప్పు కాదు, తెలియకపోతే పక్కనున్న వాళ్ళని అడుగు. వాడు సరేనని, వెంటనే సందు చివరిదాకా కనబడిన ప్రతి తలుపు రంగూ అడిగాడు.

కోటేశ్వరమ్మ పుట్టిల్లు బాపట్ల. వియ్యంకుడి తెర అని తెలిసి, తమ్ముడి ఇంటికి వచ్చి, శనివారం సాయంత్రానికి హైస్కూలు ఆవరణలో చాప పరుచుకుని ముందే చోటు పట్టింది. కుసుమ అంజిని తీసుకుని వెళ్ళి పక్కన కూర్చుంది. తెర ఇంకా లేవలేదు. హార్మోనియం సర్దుకుంటోంది. కాసేపయితే చెప్పలేనని తెలిసి, పిల్లాడి కళ్ళు, గాజులు, తండ్రి, చిప్పలు, డాక్టరు, అన్నీ ముందూ వెనకా లేకుండా ఒక్క ఊపిరిలో అత్తగారి చెవిలో చెప్పేసింది. "మా వైపు నుంచే వచ్చింది అత్తయ్యా" అని చివర్న తానే అనేసింది. ఆవిడ అనబోయేది తన నోటితో అంటే నొప్పి తగ్గుతుందేమోనని.

 కోటేశ్వరమ్మ ఒళ్ళోని వక్కపొడి డబ్బీ తెరిచి, వేసుకోకుండానే మూసింది.

"ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?"

"టమాటాలు తెచ్చిన నాటి నుంచి అనుమానం."

"అప్పణ్ణించీ ఒక్కదానివే కుళ్ళుతున్నావా? నాతో చెబితే కరిచేదాన్నా ఏంటి?" అంది ఆవిడ. కుసుమ తలదించుకుంది. ఆవిడ డబ్బీని చాప మీద పెట్టి, "కరిచేదాన్నేలే" అంది మెల్లగా. "పిల్లాణ్ణి ఇటివ్వు."

తెర లేచింది. రెండో రంగానికి అడవి దిగింది. లైట్ల వెలుగులో నీలం నల్లబడి వెనక్కి పోయింది. ఎర్రచెట్టు అంచులు పసుపుపచ్చగా వెలిగి, నిజంగానే పొద్దు వాలిన ఏటిగట్టు అయింది. చివరి వరసల నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పందిరిగుంజ పక్కన నిలబడ్డ సూర్యనారాయణ కోసం కుసుమ తల తిప్పి చూసింది. ఆయన తెరను చూడటం లేదు, ఇటే చూస్తున్నాడు.

నాయనమ్మ ఒళ్ళో కూర్చున్న అంజి అప్పుడు గొంతెత్తి అడిగాడు. "నాయనమ్మా, ఆ రాణి చీర ఏం రంగు?"

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. 

"ఎరుపురా. అంచు పచ్చ" అంది కోటేశ్వరమ్మ, మామూలు గొంతుతోనే.

"ఆ పక్కన చెలికత్తెది?"

ఆవిడ మెడ చాపి చూసింది. శుక్లాలు ముదరబట్టి ఆవిడకు దూరం సరిగ్గా ఆనదు. ఇంతకాలం ఎవరితోనూ ఒప్పుకోలేదు. ఇంకోసారి చూసి, ముందు కూర్చున్న అమ్మాయి భుజం తట్టింది.

"ఏమ్మాయ్, ఆ చెలికత్తె ఓణీ ఏం రంగమ్మా? నాకూ ఆనటం లేదు, మావాడికీ తెలీటం లేదు."

"గులాబీ రంగు పిన్నిగారూ" అంది ఆ అమ్మాయి, కళ్ళు రంగస్థలం మీంచి తిప్పకుండానే.

"గులాబీ అంటరా" అని కోటేశ్వరమ్మ మనవడికి అందించింది. వాడు సరేనని తలూపి, ఇంకొకరిని చూపించాడు.